ముందే చెప్పిన సాక్ష్యాలు

మా కోడలు సూసన్ ఏం పని చేస్తుందని జగ్గయ్యపేటలో ఎవరైనా అడిగితే చెప్పడం నాకు కష్టంగా ఉండేది. మా అబ్బాయి జయరాజ్ సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరంటే అందరికీ అర్థమవుతుంది. వాడి భార్య ఎస్‌ఈఓ చేస్తుందంటే మాత్రం, "ఎంఈఓనా? ఏ మండలానికి?" అనేవాళ్లు. మా చర్చి సంఘంలో పుల్లమ్మ అయితే టీచరుగా చేస్తున్న తన మేనల్లుడి ట్రాన్స్‌ఫర్ సంగతి చూడమని సూసన్‌ని రెండుమూడుసార్లు బతిమాలింది కూడా.

నాకు అర్థమైనంతలో ఆ పని ఇది. నందిగామలో ఎవరికో పన్ను సలుపుతుంది. ఫోన్ తీసి, దగ్గర్లో పళ్ల డాక్టరెవరని వెతుకుతాడు. పేర్లు ఒకదాని కింద ఒకటి వస్తాయి. జనం పైనున్న పేర్లనే నొక్కుతారు గానీ కిందిదాకా ఎవరూ పోరు. ఒక డాక్టరు పేరో, దుకాణం పేరో ఆ వరసలో పైకి రావడానికి చేయాల్సిన పనులు సూసన్ చేస్తుంది. ఆసుపత్రి ఎన్ని గంటలకు తీస్తారో సరిగ్గా రాయడం, అక్కడ చేసే వైద్యం గురించి జనానికి తెలిసే మాటల్లో చెప్పడం, ఫొటోలు అక్కడివే పెట్టడం. ఇదంతా మెల్లగా జరిగే పని. అదే చిక్కు.

ఎవరు పని ఇవ్వడానికొచ్చినా సూసన్ మొదటిరోజే చెప్పేది. "మొదటి స్థానం గ్యారంటీ అని నేను చెప్పనండి. అలా చెప్పేవాళ్లని నమ్మొద్దండి." ఈ మాట విని సగంమంది మళ్లీ కనిపించేవాళ్లు కాదు. నందిగామలో కల్యాణ్ అని ఒకతను ఇదే పనికి ఆఫీసు పెట్టాడు. "వారంలో నంబర్ వన్" అని అతని బోర్డు మీదే ఉంటుంది. వెళ్లిపోయినవాళ్లు తిన్నగా అక్కడికే పోయేవాళ్లు. "నువ్వూ ఒక మాట కలిపి చెప్పొచ్చుగా" అని నేనంటే, "నాకున్నది ఆ ఒక్క పేరే అత్తయ్యా. ఫేక్ పని చెయ్యదని. అదీ పోతే ఇంకేం మిగులుద్ది?" అనేది.

సూసన్‌కున్న వాటిలో పెద్ద పని నందిగామ డాక్టరు గీతాంజలి గారి పళ్ల ఆసుపత్రి. వైద్యం ఆవిడది, మిగతా వ్యవహారమంతా ఆవిడ భర్త కిషోర్‌బాబుది. ఊళ్లో పొలాలు, రోడ్డు మీద షాపులు ఉన్న కుటుంబం. ఆయనకు ఏదైనా నిన్నటికే అయిపోయి ఉండాలి.

ఒకరోజు మా ఆడబిడ్డ ఆదెమ్మ, నేను వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. లోపలి గదిలో సూసన్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతోంది. కిషోర్‌బాబు గొంతు వీధిలోకి వినబడుతోంది.

"ఏమ్మా సూసన్, మొన్న ఆసుపత్రి తెరిచినవాడికి రివ్యూలు జాతరలా ఉన్నాయి. మనకేమో పిలవని పెళ్లికొచ్చినట్టు నలుగురు!"

"వచ్చిన పేషెంట్లనే అడుగుదామండి. బిల్లు కట్టే చోట చిన్న బోర్డు పెడదాం."

"పన్ను పీకించుకున్నోడు నోట్లో దూది పెట్టుకుని రివ్యూ రాస్తాడా? కల్యాణ్‌ని అడిగితే పొద్దున్నకల్లా పోసేస్తానన్నాడు."

"అవి కొన్న రివ్యూలండి. పట్టుబడితే పోయేది మేడమ్ గారి పేరు. నేను చెయ్యను సార్."

"నీతో వచ్చిన గొడవే ఇది," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

సూసన్ బయటికి వచ్చి గడప మీద కూర్చుంది. ఆదెమ్మ మిరపకాయ చేతిలో పట్టుకునే అడిగింది. "ఏందమ్మాయ్, ఆయనకి ఏం కావాలంట?"

"రివ్యూలు కావాలంట పెద్దమ్మా."

"అంటే?"

"మన సంఘంలో సాక్ష్యం చెప్తారు చూడండి, అలాంటిది. ఆ డాక్టర్ గారి వల్ల మేలు పొందినవాళ్లు నలుగురికీ తెలిసేలా ఫోన్లో రాస్తారు."

"ఓస్! సాక్ష్యాలేనా?" అంది ఆదెమ్మ. "దానికింత దిగులెందుకే పిల్లా?"

మా స్త్రీల కూటం పెద్ద ఆదెమ్మే. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎవరెవరు సాక్ష్యం చెప్పాలో, ఎవరి సాక్ష్యం మరీ సాగిపోతే పాట ఎత్తుకుని ఆపాలో ఆవిడకు బాగా తెలుసు. మా దగ్గర ఇంకొక అలవాటు కూడా ఉంది. జరిగిన మేలుకే కాదు, జరగబోయే మేలుకు కూడా ముందే సాక్ష్యం చెబుతాం. మనవడికి ఉద్యోగం రాకముందే వచ్చిందని లేచి నిలబడి చెప్పినవాళ్లున్నారు. విశ్వాసంతో చెప్పడం అంటాం దాన్ని. వింటున్న మేమందరం ఆమెన్ అంటాం. అది అబద్ధమని మాలో ఎవరూ అనుకోరు.

ఆ శుక్రవారం నేను కూటానికి వెళ్లలేదు. కంచికచర్లలో మా చెల్లెలికి ఒంట్లో బాగోలేదంటే చూడటానికి వెళ్లాను.

సోమవారం పొద్దున కిషోర్‌బాబు ఫోన్ చేశాడు. ఈసారి స్పీకర్ పెట్టాల్సిన అవసరం లేకపోయింది.

"నీతులు చెప్పి చెప్పి ఇదా నువ్వు చేసింది? మొత్తం పోయినయ్! నిజంగా మా పేషెంట్లు రాసినవి కూడా పోయినయ్! అనుమానాస్పదం అని మా పేరు కింద పెట్టారు, చూసుకో!"

శుక్రవారం మధ్యాహ్నం ఒక్కసారిగా రివ్యూలు వచ్చిపడ్డాయట. అన్నీ ఒకే చోటినుంచి, ఒకే మాదిరిగా. గూగుల్ వాళ్లకు అనుమానం వచ్చి వాటితోపాటు పాతవి కూడా తీసేసి, కొత్తవి రాయకుండా ఆపేశారు. తీసేయకముందు కిషోర్‌బాబు మురిసిపోయి ఫొటోలు తీసి తెలిసినవాళ్లకల్లా పంపుకున్నాడట. ఇప్పుడు అవి సూసన్‌కి పంపాడు. సూసన్ ఫోన్ నా చేతికిచ్చింది. నేను కూడబలుక్కుంటూ చదివాను.

"అందరికీ వందనాలు. నేను చాలా కాలముగా పంటి బాధతో ఉండగా డాక్టరమ్మ గారి చేతుల ద్వారా గొప్ప మేలు పొందితిని."

దాని కింద ఇంకొకటి. "అందరికీ వందనాలు. గొప్ప మేలు పొందితిని." వరసగా అన్నీ వందనాలే, అన్నీ మేలు పొందడాలే. ఒక దానిమీద బుల్లెట్ బండి మీద కూర్చున్న కుర్రాడి ఫొటో ఉంది. కింద, "నా పళ్లతో పాటు నా మోకాళ్ల నొప్పులు కూడా తగ్గినవి" అని ఉంది. ఆ కుర్రాడు పుల్లమ్మ మనవడు.

"అత్తయ్యా," అంది సూసన్ నెమ్మదిగా. "ఇది మన సంఘమే కదూ?"

ఇద్దరం తిన్నగా ఆదెమ్మ ఇంటికి వెళ్లాం. ఆవిడ మమ్మల్ని చూడగానే నవ్వుతూ ఎదురొచ్చింది.

"చూశావా పిల్లా? ఉపవాసం ఉండి మరీ చెప్పించా. ఫోన్లు లేనోళ్లకి మనవళ్ల ఫోన్లు తెప్పించా. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటదిగా!"

"పెద్దమ్మా, మీరెవరైనా ఆ ఆసుపత్రికి వెళ్లారా?"

"విశ్వాసంతో చెప్పాం."

"వెళ్లలేదుగా."

"నీకు మేలు జరగాలని చెప్పామే! జరగబోయేదాన్ని జరిగినట్టు చెప్పడం మనకి కొత్తా? నీ పెళ్లి ఖాయం కాకముందే మీ అత్త సాక్ష్యం చెప్పింది, అడుగు!"

అది నిజమే. నేను నేలచూపులు చూశాను.

సూసన్ గొంతు తగ్గించి, విషయం మొత్తం విడమర్చి చెప్పింది. బయటికి కనబడకపోయినా అవి రాసినవాళ్ల ఫోన్లలో ఇంకా ఉన్నాయంది. అందరూ తాము రాసింది అక్కడినుంచి తీసేస్తే, జరిగింది జరిగినట్టు చెప్పి, అసలు పేషెంట్లు రాసినవైనా తిరిగి పెట్టమని అడగొచ్చంది. ఆదెమ్మ ముఖం మాడిపోయింది.

"సాక్ష్యం వెనక్కి తీసుకోమంటావా? చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటే ఏమవుద్దో తెలుసా? ఆ పాపం నాతో చేయించకు. నీ మేలు కోరినందుకు బాగా బుద్ధి చెప్పావ్!"

ఇంటికి వచ్చేసరికి సూసన్ ఫోన్ మోగుతూనే ఉంది. నందిగామ వ్యాపారులకు ఒక వాట్సప్ గ్రూపు ఉంది. కల్యాణ్ ఆ ఫొటోలన్నీ అందులో పెట్టి, కింద "అందరికీ వందనాలు" అని రాశాడట. అంతే, అందరూ నవ్వారట. సూసన్ పని చేసే ఫంక్షన్ హాలు ఓనరు భారతీదేవి గారు ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. "మా హాలుకి వచ్చిన మంచి మాటలు కూడా ఇలాగే వచ్చినయ్యా అమ్మా?" అని అడిగింది. కాదండీ అని సూసన్ చెబుతూనే ఉంది. ఆవిడ "సరేలే, సరేలే" అంటూనే ఉంది. ఆ "సరేలే" నాకు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

మర్నాడు కిషోర్‌బాబు రమ్మన్నాడు. జయరాజ్‌కి డ్యూటీ ఉంది. పిల్లను ఒక్కదాన్ని పంపలేక నేనూ బస్సెక్కాను. చిల్లకల్లు దాటేదాకా సూసన్ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. తర్వాత, "సాక్ష్యం అన్న మాట నేను వాడకుండా ఉండాల్సింది," అంది. ఇంకే మాట వాడితే ఆదెమ్మకు అర్థమయ్యేదో నాకూ తెలియలేదు.

ఆసుపత్రిలో కిషోర్‌బాబు కౌంటరు వెనకాల కూర్చుని ఉన్నాడు. సూసన్ కూర్చోకుండానే అంతా చెప్పింది. మా ఇంటివాళ్లు, మా సంఘంవాళ్లు చేశారు, నేను చెప్పలేదు, నాకు తెలియదు, కానీ నా వల్లే జరిగింది అని. ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని గొంతు తగ్గించాడు.

"ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి."

"మంచిపని చేశావ్. ఇప్పుడు వాళ్లకి రాయాలిగా, మా తప్పేం లేదని? పోటీవాళ్లు మమ్మల్ని దెబ్బతీయడానికి ఈ దొంగ రివ్యూలు పోయించారని రాయి. పేర్లక్కర్లా. ఊళ్లో అందరూ కల్యాణే అనుకుంటారు. వాడు నిన్న నిన్ను నవ్వులపాలు చేశాడా లేదా? నా రివ్యూలు నాకొస్తయ్, నీ పేరు నీకొస్తది."

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో సూసన్ సరే అంటే బాగుండునని నాకు అనిపించింది. ఆ వాట్సప్ నవ్వులు, భారతీదేవి గారి సరేలేలు నా చెవుల్లో ఉన్నాయి. ఆ కల్యాణ్ ఎటూ ఇలాంటి పనులు చేసేవాడే. చెయ్యని ఒక్కటి వాడి నెత్తిన పడితే ఏం పోయింది?

"అతను చెయ్యలేదుగా సార్," అంది సూసన్.

"చెయ్యనోడా వాడు?"

"చేస్తాడండి. ఇది చెయ్యలేదు."

ఆయన ఏదో అనబోయేంతలో బయట ఆడవాళ్ల గొంతులు వినబడ్డాయి. గాజు తలుపు తోసుకుని ఆదెమ్మ లోపలికి వచ్చింది. ఆవిడ వెనకాల పుల్లమ్మ, ఆమె వెనకాల మా కూటం ఆడవాళ్లు. అందరూ ఆదివారం చీరలు కట్టుకున్నారు. తర్వాతి బస్సులోనే బయలుదేరినట్టున్నారు.

"అయ్యా, వందనాలు," అంది ఆదెమ్మ కిషోర్‌బాబుతో. "మేం పేట నుంచి వచ్చాం. సాక్ష్యం వెనక్కి తీసుకోకూడదు గానీ నిజం చేసుకోవచ్చుగా. అందరికీ పళ్లు చూడమనండి డాక్టరమ్మ గారిని."

సూసన్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కిషోర్‌బాబు మాత్రం లేచి నిలబడ్డాడు.

"అదీ లెక్క! ఇంకేం గొడవ? వీళ్లు మన పేషెంట్లే! అలాగే రాసెయ్!"

"రాసింది శుక్రవారమండి. వచ్చింది ఇవాళ," అంది సూసన్.

అలికిడికి గీతాంజలి గారు గ్లవుజులతోనే గదిలోంచి బయటికి వచ్చారు. అప్పటికే పుల్లమ్మ కుర్చీలో కూర్చుని నోరు తెరిచి సిద్ధంగా ఉంది. ఆవిడ వంగి చూసి, "పళ్లేవమ్మా?" అన్నారు.

"లేవుగా తల్లీ. అందుకే నొప్పి లేదు. నొప్పి పోయిందని నేను చెప్పింది అబద్ధమా చెప్పు?"

ఎదురుగా కూర్చున్న పేషెంట్లు నవ్వారు. సూసన్ నవ్వలేదు. అక్కడే, అందరి ముందూ, మా ఆడవాళ్ల వైపు తిరిగి చేతులు జోడించింది. "దయచేసి మీరు రాసినవి తీసేయండి. నాకు చెయ్యగల మేలు అదొక్కటే."

ఆదెమ్మ గడ్డం పైకెత్తింది. నాకు అంతవరకు లోపల దాచుకున్న విసుగంతా ఒక్కసారి బయటపడింది.

"వదినా, సంఘంలో నువ్వు లేచి చెప్తుంటే వినేవాళ్లకి నువ్వెవరో తెలుసు. విశ్వాసంతో చెప్తున్నావనీ తెలుసు. ఇక్కడ చదివేవాడికేం తెలుసు? నిజంగానే పన్ను సలుపుతున్నోడు ఇది నమ్మి బస్సెక్కుతాడు. వాడు మనకి ఆమెన్ అన్నాడా?"

ఆదెమ్మ నా వైపు చూసింది. ఇన్నేళ్లలో నేను ఆవిడతో అలా మాట్లాడలేదు. పుల్లమ్మే కుర్చీ దిగుతూ, వెంట తెచ్చిన మనవడి ఫోన్ సూసన్ చేతిలో పెట్టి అంది. "నాది తీసెయ్యండమ్మా. వాడి ఫొటో పెట్టి మోకాళ్ల నొప్పులని రాస్తే వాడికి పిల్లనెవరిస్తారు? నిన్నట్నుంచి ఇంట్లో ఒకటే గోల."

ఆ మాటతో మిగతావాళ్లు ఒక్కొక్కరే ఫోన్లు సూసన్‌కి ఇచ్చారు. ఆదెమ్మ చివర్న, ముఖం అటు తిప్పుకుని తనది అందించింది.

సూసన్ ఫోన్లన్నీ తిరిగిచ్చేసి, జరిగింది ఉన్నది ఉన్నట్టు రాసి, పంపే ముందు కిషోర్‌బాబుకి చూపించింది. మా వాళ్లు రాశారు, వాళ్లు పేషెంట్లు కాదు, తీసేశారు, పేషెంట్లు రాసినవి తిరిగి పెట్టండి అని ఉంది అందులో. ఆయన చదివి ఫోన్ బల్లమీద పెట్టాడు.

"ఇది పంపితే మా పేరు మేమే చెడగొట్టుకున్నట్టు. పంపడానికి వీల్లేదు."

"ఆసుపత్రి మీది సార్. మీరొద్దంటే పంపను. వేరే రకంగా మాత్రం నేను రాయలేను."

"అయితే మా లాగిన్‌లన్నీ ఇచ్చేసి వెళ్లమ్మా."

సూసన్ గీతాంజలి గారి వైపు చూసింది. ఆవిడ చూపు తప్పించి, "లోపల పేషెంటున్నారు," అని తలుపు దగ్గరికి నడిచారు. అక్కడ ఆదెమ్మను చూసి ఆగారు. "మీ చెంప వాచింది. ఎన్నాళ్ల నుంచి?" ఆదెమ్మ నాలుక కింద నుంచి లవంగం తీసి కొంగులో దాచుకుంది. మా అందరి పళ్లకూ విశ్వాసంతో సాక్ష్యం చెప్పించిన మనిషికి దవడ పన్ను నిజంగానే పుచ్చిపోయి ఉంది. ఆ రోజే పీకేశారు.

అలా సూసన్ నిజం రాసి కూడా పంపలేకపోయింది. ఆ పని కల్యాణ్ చేతికి పోయింది. అతనేం రాశాడో మాకు తర్వాత తెలిసింది. ఆసుపత్రివాళ్లకు ఏ పాపం తెలియదు, ఇదంతా పాత ఏజెన్సీ చేసిన మోసం, వాళ్లను తీసేశాం అని రాశాడట. సూసన్ పేరు కూడా పెట్టాడట. కొన్నాళ్లకు పాత రివ్యూలన్నీ తిరిగి వచ్చాయి. వాటితోపాటు కొత్తవీ వస్తున్నాయి, రోజుకి కొన్ని చొప్పున, అనుమానం రాకుండా. సూసన్ వాటిని చూసి, "ఇతనికి పనొచ్చు," అని మాత్రం అంది. భారతీదేవి గారు మళ్లీ ఫోన్ చేయలేదు. నందిగామలో కొత్తగా ఎవరైనా పిలిచినా, "ఆ వందనాల అమ్మాయేనా?" అని అడుగుతున్నారు. ఆ అమ్మాయే, కానీ అలా కాదు అని మొదలుపెట్టేసరికి వాళ్లకు తీరిక ఉండదు.

మొన్న ఆదెమ్మ వచ్చింది. చాలా రోజులకు మా గడప తొక్కింది. చెంప వాపు పూర్తిగా తగ్గింది. సూసన్ పక్కన కూర్చుని కాసేపు మిరపకాయల ధరలు మాట్లాడి, చివరికి ఫోన్ బయటికి తీసింది.

"పిల్లా, ఇప్పుడు నేను నిజంగా పీకించుకున్నాగా. నొప్పే తెలీకుండా పీకింది డాక్టరమ్మ. చాలా మంచి చెయ్యి. ఇప్పుడు రాయొచ్చా?"

నాకు ఒళ్లు మండింది. "వాళ్లకా? ఈ పిల్లని మోసగత్తె అని రాసినవాళ్లకా?" అన్నాను.

సూసన్ నా మాట విననట్టే ఆదెమ్మను అడిగింది. "మీకు నిజంగా బాగా చేశారా పెద్దమ్మా?"

"నిజంగానే."

"అయితే రాయండి. మీ ఫోన్లోంచి, మీకు జరిగింది మాత్రమే చెప్పండి."

"వందనాలు చెప్పనా?"

"వద్దు పెద్దమ్మా."

ఆదెమ్మ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుని, మైకు బొమ్మ నొక్కి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పడం మొదలుపెట్టింది. దవడ పన్ను పీకారు. నొప్పి లేదు. డాక్టరమ్మ మంచిగా చూశారు. సూసన్ పక్కనుంచి తప్పులు దిద్దుతోంది. నేను అక్కడ కూర్చోలేక లోపలికి వెళ్లి బియ్యం గిన్నె పొయ్యి మీద పెట్టాను. కొంచెం గట్టిగానే పెట్టాను.